సంకెళ్లు తెగకముందే విడుదల (వాటర్‌ఫోర్డ్ ఆదివారం కూడికలో చెప్పిన మాటలు)



మార్చి 17 సెలవు మనందరికీ తెలుసు. ఆ పండుగను చర్చి క్యాలెండర్‌లో చేర్పించడానికి పాటుపడిన లూక్ వాడింగ్ 1588లో ఈ వాటర్‌ఫోర్డ్‌లోనే పుట్టాడు.

మరి పాట్రిక్ ఎవరు? పదహారేళ్లప్పుడు బానిసగా ఐర్లాండ్‌కి ఎత్తుకొచ్చారు. ఆరేళ్లు మంద కాశాడు. అంతకుముందు నాకు దేవుడు తెలియదని తనే రాసుకున్నాడు. మంచులో, వానలో ప్రార్థించాడు. చూశారా, బానిసత్వం పోకముందే పాపం నుంచి విడుదల దొరికింది! తప్పించుకుని ఇల్లు చేరాక, సువార్త పట్టుకుని మళ్లీ ఈ దేశానికే వచ్చాడు.

మనకీ ఏజెంటు బాకీ ఉంది, నైట్ షిఫ్టు ఉంది. అవి తీరాక దేవుడి దగ్గరికొద్దాం అనుకోకండి. మన పాపపు బాకీ యేసయ్య సిలువ మీద ఎప్పుడో కట్టేశాడు. దాచుకున్న తాగుడో, పందేలో ఈ రాత్రే ఆయన ముందు ఒప్పుకోండి. తర్వాత ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పండి.

ఆమేన్.