కొలత ముందే తెలియాలి
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలకేంద్రంలో పాలు పోసే ముందే కొలత ఎంతో మనకు తెలుసు. ఎంత వెన్నశాతానికి ఎంత ధరో ముందే తెలుసు. పాలు పోశాక కొలత మార్చితే, మార్చినవాడు ఎంత నిజాయితీపరుడైనా మనం ఒప్పుకోము. ఓటు సంగతీ అంతే. సంఘం ఎన్నికలకు సిద్ధమయ్యే మనకు పనికివచ్చే ఒక ఉదంతం చెబుతాను.

అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రముంది. పాడికి పేరుపడ్డ ప్రాంతం. బండ్ల నంబరు పలకల మీద కూడా 'అమెరికా పాడిసీమ' అని రాసుకుంటారు. పార్టీ అభ్యర్థిని నాయకులు కాక ఓటర్లే ఎంచుకునే ఎన్నికను అక్కడ 'ప్రైమరీ' అంటారు. ఆ పద్ధతిని విస్కాన్సిన్ ప్రజలు 1904లోనే తమ ఓటుతో ఆమోదించుకున్నారు.

అటువంటి చోట 2020 ఏప్రిల్ 7న ప్రైమరీ వచ్చింది. స్థానిక పదవుల ఎన్నికలూ అదే రోజున. అప్పుడు కరోనా ముమ్మరంగా ఉంది. జనం తపాలా ద్వారా ఓటు వేయడానికి పెద్ద సంఖ్యలో దరఖాస్తు చేశారు. 2వ తేదీన ఒక న్యాయమూర్తి, తపాలా ఓట్లు 13 వరకు అందినా చెల్లుతాయన్నారు. 6వ తేదీన గవర్నరు టోనీ ఎవర్స్ ఎన్నికను జూన్ 9కి వాయిదా వేశారు. అదే రోజున రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాయిదాను ఆపింది. ఆ సాయంత్రమే అమెరికా సుప్రీంకోర్టు, 7వ తేదీలోగా తపాలా ముద్ర పడిన ఓట్లే చెల్లుతాయని తీర్పిచ్చింది.

తెల్లవారితే పోలింగు! అడిగిన బ్యాలెట్టు ఇంకా చేతికందని వాళ్ళేం చేయాలి? ప్రాణభయంతో వెళ్ళి వరుసలో నిలబడాలి, లేదా ఓటు వదులుకోవాలి. మిల్వాకీ నగరంలో మామూలుగా 180 పోలింగు కేంద్రాలుంటాయి. సిబ్బంది దొరకక ఆనాడు 5 మాత్రమే తెరిచారు. జనం గంటల తరబడి నిలబడ్డారు.

ప్రజల ప్రాణాలు కాపాడాలన్నారు గవర్నరు. ఎన్నిక ముంగిట నిబంధన మార్చరాదన్నది అమెరికా సుప్రీంకోర్టు. ఎవరి వాదన వారికుంది. నష్టం మాత్రం ఓటరుకే వచ్చింది.

ఇక మన సంగతి. మన సంఘాలు కొన్ని 1964 సహకార చట్టం కింద, కొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నాయి. గ్రామ సంఘంలో పది లీటర్లు పోసినా, అర లీటరు పోసినా, సభ్యునికి ఒకటే ఓటు. అయితే ఏడాదిలో ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు పోస్తే ఓటు ఉంటుందన్నది మీ బైలా చెబుతుంది. గేదె వట్టిపోయి నాలుగు నెలలు పాలు పోయలేని అక్క పేరు జాబితాలో ఉంటుందా, పోతుందా? తెల్లవారుజామున లేచి పాలు పితికి పోసేది ఆమె, సభ్యత్వం భర్త పేరున ఉంటే ఓటెవరిది? ఇవి పోలింగునాడు గుమ్మం దగ్గర తేల్చుకోవలసిన ప్రశ్నలు కావు.

కనుక నా మనవి. ఎన్నిక తేదీ రాకముందే బైలాను సభలో బిగ్గరగా చదివించండి. ఓటర్ల జాబితాను పాలకేంద్రం గోడకు అంటించమని అడగండి. మీ పాసుపుస్తకంతో సరిచూసుకోండి. తప్పుంటే నోటిమాటతో సరిపెట్టక, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. చదువురాని సభ్యులకు పక్కవారు చదివి వినిపించండి. నిబంధన మార్చవలసివస్తే, ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియనప్పుడే, సర్వసభ్య సమావేశంలో అందరి ఎదుట మార్చుకోండి.

అలా జరిగిన ఎన్నికలో ఓడినవాడు కూడా మరునాడు ఉదయం అదే కేంద్రానికి పాలు తెస్తాడు. సంఘం నిలిచేది అందువల్లనే.

సెలవు.