కాల్పుడు బండి కట్టించేముందు



ఈ వేళ నేను చెప్పబోయేది పంట పండించే సంగతి కాదు, పండించినదాన్ని కాల్చి అమ్ముకునే సంగతి. పెరట్లో పెంచిన కోడినీ, చేలో విరిచిన మొక్కజొన్న పొత్తునీ టోకు వర్తకుని గుమ్మంలో దించితే ధర చెప్పేవాడు అతను. వాటినే ఎర్రని నిప్పులమీద కాల్చి, ఉప్పూ కారమూ నిమ్మరసమూ పట్టించి, దారిన పోయేవారి చేతికి అందిస్తే ధర చెప్పేది మనం. అరకులోయ చూడబోయినవారు రోడ్డు పక్కన వెదురుబొంగులో కాల్చిన కోడి తినటం మీరెరిగినదే. కనుక మీలో కొందరికి, ట్రాక్టరుకో వ్యానుకో తగిలించి సంతకు, జాతరకు, హైవే పక్కకు లాక్కుపోగలిగే కాల్పుడు బండి ఒకటి కట్టించుకుంటే బాగుండునని తోచవచ్చు. మంచి ఆలోచనే. అయితే అప్పుచేసి బండి కట్టించి, అది పనికి అనుకూలంగా లేకపోతే, బండి మూలబడుతుంది, అప్పు మాత్రం మూలబడదు. కావున ఇనుము కోయక ముందే తేల్చుకోవలసిన విషయాలు కొన్ని చెబుతాను.

మొదటి పని వెల్డింగు షాపులో కాదు, మీ కళ్ళంలో చేయాలి. బండి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అనుకోండి. ఆ కొలతకు నేలమీద సున్నంతో గీత గీయండి. పొయ్యి ఉండవలసిన చోట ఒక బల్ల, మంచుపెట్టె చోట ఒక గంప, నీళ్ళ ట్యాంకు చోట ఒక బిందె పెట్టండి. ఇద్దరు మనుషులు ఆ గీతలోపల నిలబడి, నిజంగా పదిమందికి అమ్ముతున్నట్టు చేసి చూడండి. ఒకరి మోచేయి మరొకరికి తగులుతున్నదా? పచ్చిమాంసం పట్టుకున్న మనిషి, కాలిన ముక్కలున్న బల్లమీదుగా చెయ్యి చాచవలసి వస్తున్నదా? వస్తే ఆ ఏర్పాటు పనికిరాదు. సరుకు ఒకే దిక్కుగా నడవాలి. ఒక చివర మంచుపెట్టె, దాని పక్కన పచ్చిమాంసం బల్ల, తరువాత పొయ్యి, ఆ తరువాత కాలినవాటి బల్ల, చివరకు కొనేవారి చెయ్యి. వెనక్కు తిరిగే పని ఉండకూడదు. నేలమీద గీత నాలుగుసార్లు చెరిపి గీసినా ఖర్చు గుప్పెడు సున్నమే.

ఇక బరువు సంగతి. ఎడ్లబండి తోలినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. బరువంతా వెనక్కు వేస్తే నొగలు పైకి లేచి ఎడ్ల మెడలకు పలుపులు బిగుసుకుంటాయి. మరీ ముందుకు వేస్తే కాడి మెడలమీద కూర్చుంటుంది. ట్రెయిలరుకూ ఇదే సూత్రం. వెనక బరువైన ట్రెయిలరు వేగం పెరిగినకొద్దీ అటూ ఇటూ ఊగి, ముందున్న వాహనాన్ని కూడా పక్కకు లాగేస్తుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం వరకు ముందు కొక్కెంమీద పడాలి.

ఒక లెక్క చూడండి. చట్రం, నేల కలిపి 250 కిలోలు, ఇరుసూ చక్రాలూ 120, పొయ్యి 150, కప్పూ పక్క రేకులూ 100, నీళ్ళు 100 లీటర్లు అంటే 100 కిలోలు, మంచుపెట్టె సరుకుతో సహా 80, బొగ్గులూ బల్లలూ సామానూ 100 అనుకుందాం. మొత్తం 900 కిలోలు. అంటే కొక్కెంమీద 90 నుంచి 135 కిలోల దాకా ఉండాలన్నమాట. ఇది చూసుకోవటం కష్టం కాదు. సామానంతా ఎక్కించి, బండిని సమంగా నిలబెట్టి, ధాన్యం తూచే కాటా ఒకటి కొక్కెం కింద దిమ్మవేసి పెడితే అంకె కనిపిస్తుంది. తక్కువైతే పొయ్యినో మంచుపెట్టెనో ముందుకు జరపాలి. అందుచేత వీటిని మొదటిరోజే వెల్డు చేయించకుండా, బోల్టులతో బిగించి చూసుకుని, తూకం కుదిరిన తరువాతే స్థిరం చేయించండి. నీళ్ళ ట్యాంకు ఇరుసుకు సరిగ్గా పైన ఉంటే, అది నిండినా ఖాళీ అయినా కొక్కెంమీద తూకం పెద్దగా మారదు. మురికినీటి ట్యాంకు కూడా దాని పక్కనే ఉండాలి. బ్రేకులు, వెనక ఎర్రదీపాలు, కొక్కెం ఊడినా బండి విడిపోకుండా పట్టే గొలుసు, ఈ మూడూ అలంకారాలు కావు, ప్రాణావసరాలు.

పొయ్యి ఎలాంటిది కట్టాలి? ఫోనులో అమెరికావాళ్ళ పెద్ద పెద్ద బండ్ల బొమ్మలు కనిపిస్తాయి. అక్కడ టెక్సాసు రాష్ట్రంలో పెద్ద మాంసపు తునకను మూత ఉన్న పొయ్యిలో పెట్టి, 110, 120 డిగ్రీల వేడిపొగలో గంటలకొద్దీ మగ్గపెడతారు. దానికి మందపాటి ఇనుప పీపాలు కావాలి, బరువైన బండీ కావాలి. మన వాడుక వేరు. చిన్న ముక్క, ఎర్రని నిప్పు, అరగంటలోపు పని. కాబట్టి మనకు పైన తెరిచి ఉన్న పొడుగాటి తొట్టి చాలు. 5 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు ఉంటే ఇద్దరు పనిచేయవచ్చు. 3 మిల్లీమీటర్ల ఇనుపరేకు వాడండి. పలుచని రేకు కొద్ది నెలల్లోనే మాడి చిల్లులు పడుతుంది. అడుగున మంటను తట్టుకునే ఇటుక పరవండి. గాలి రావటానికి పక్కన తలుపు ఒకటి పెట్టండి. దాన్ని తెరిస్తే నిప్పు రేగుతుంది, మూస్తే తగ్గుతుంది. బొగ్గులు తొట్టి అంతటా సమంగా పరవకండి. రెండువంతుల చోట దట్టంగా, ఒక వంతు చోట పలుచగా వేస్తే, పైన మాడుతూ లోపల పచ్చిగా ఉన్న ముక్కను పలుచని నిప్పుకు జరుపుకోవచ్చు. ఇవతల చివర ఒక అడుగు మేర అడ్డురేకు వేసి, మొక్కజొన్నకూ చిలగడదుంపకూ వేరే ఊచలు, వేరే పట్టకారు ఉంచండి. శాకాహారులు నిశ్చింతగా కొనుక్కుంటారు.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటున్నది. పురుగుమందు వచ్చిన డ్రమ్మును గాని, రసాయనాలు నిలవచేసిన పీపాను గాని కోసి పొయ్యి చేయవద్దు. కడిగినా, కాల్చినా నమ్మటానికి వీల్లేదు. మూతవేసిన పాత డ్రమ్ములో మిగిలిన ఆవిరి వెల్డింగు నిప్పు తగిలితే పేలవచ్చు కూడా. జింకు పూత పూసిన రేకులు, ఊచలు కూడా నిప్పుదగ్గర వాడరాదు. పూత కాలి చెడ్డ పొగ వస్తుంది. మాంసం తగిలే ఊచలు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి. పుల్లలు గుచ్చి కాల్చేవారు వెదురు పుల్లలే వాడాలి. గన్నేరు పుల్ల నిలువెల్లా విషమని మరవకండి.

బొగ్గుకు మనం ఎక్కడికో పోనక్కరలేదు. ప్రకాశం, నెల్లూరు, పల్నాడు బీళ్ళలో పొలాలను ఆక్రమించి విసిగించే సర్కారుతుమ్మ మంచి గట్టిబొగ్గు ఇస్తుంది. ఆ టెక్సాసువాళ్ళు మాంసం కాల్చటానికి మెచ్చుకుని వాడే మెస్కీటు చెట్టు దీనికి దగ్గర చుట్టమే. పీకి పారేయవలసిన చెట్టు పొయ్యిలోకి వస్తే రెండు విధాల లాభం. రంగువేసిన కట్టె, ప్లైవుడ్డు ముక్కలు మాత్రం పొయ్యిలోకి రానీయకండి.

శుభ్రత మాటకు వద్దాం. మీ బండిదగ్గర తిన్న ఒక పసివాడికి వాంతులయితే, ఆ కబురు మీ బండికంటే ముందే పక్క ఊరు చేరుతుంది. పచ్చిమాంసం 5 డిగ్రీలు లేక అంతకు తక్కువ చల్లదనంలో ఉండాలి. ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచరాదు. కోడి ఉడికిందీ లేనిదీ రంగుచూసి చెప్పటం అందరికీ అలవాటు. అది చాలదు. మొన ఉన్న థర్మామీటరు ఒకటి కొని, తొడలో దళసరిచోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. 74 డిగ్రీల సెంటిగ్రేడు చూపితే దించవచ్చు. పచ్చిమాంసం నానిన మసాలాను కాలినదానిమీద మళ్ళీ పుయ్యవద్దు. డబ్బు పుచ్చుకునే చెయ్యి, తిండి అందించే చెయ్యి వేరుగా ఉండాలి. చేతులు కడుక్కునే కుళాయి సబ్బుతో సహా ఎదురుగా ఉండాలి. కనిపించని చోట ఉంటే ఎవరూ కడగరు.

నిప్పు విషయంలో మరికొన్ని జాగ్రత్తలు. బొగ్గుపొగలో వాసనలేని విషవాయువు ఉంటుంది. కనుక పొయ్యిచుట్టూ మూడువైపులా తెరిచి ఉంచండి. వానవచ్చిందని పట్టాలు దించి లోపల కూర్చోవద్దు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్ళు పోయకండి. ఇసుక బకెట్టూ, మంటలార్పే సిలిండరూ చేతికందే చోట ఉంచండి. నిప్పుతో బండిని ఎన్నడూ లాగరాదు. పైకి బూడిదగా కనిపించే బొగ్గు మర్నాటిదాకా లోపల కణకణలాడుతూ ఉండవచ్చు. దాన్ని మూత ఉన్న ఇనుపడబ్బాలో వేసి చల్లారనివ్వండి.

కాగితాల పని కూడా ముందే చూసుకోవాలి. ట్రెయిలరుకు రిజిస్ట్రేషను కావాలి గనుక, కట్టకముందే రవాణాశాఖ కార్యాలయంలో గీసిన కొలతలు చూపి అడగండి. తినుబండారాలు అమ్మటానికి 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టం ప్రకారం నమోదు అవసరం. పట్టణంలో నిలబెట్టి అమ్మేవారు 2014వ సంవత్సరపు వీధి విక్రయదారుల చట్టం కింద పురపాలక సంఘాన్ని అడగాలి. తరువాత బండి పట్టుకుపోయినప్పుడు తిరగటంకంటే, ముందు తిరగటం తేలిక.

చివరగా లెక్క. బతికిన కోడి 2 కిలోలు తూగితే, కోసి శుభ్రంచేసిన తరువాత చర్మంతో సుమారు 1 కిలో 400 గ్రాములు మిగులుతుంది. నిప్పుమీద అందులో నాలుగోవంతు దాకా తరుగుతుంది. అంటే చేతికి వచ్చేది 1 కిలో 50 గ్రాములు. బొగ్గూ, మసాలా, మంచూ, మీ కూలీ కలపకముందే, కాల్చిన కిలో ఖరీదు బతికిన కిలోకు దాదాపు రెట్టింపు అయింది. ఈ సంగతి చూసుకోక పక్కవాడికంటే పది రూపాయలు తగ్గించి అమ్మితే, బండిచుట్టూ జనం ఉంటారు, పెట్టెలో డబ్బు ఉండదు.

కాబట్టి తొందరపడకండి. ముందుగా ఒక చిన్న తొట్టిపొయ్యి చేయించి, మీ ఊరి సంతలో అనుమతి అడిగి రెండు నెలలు అమ్మి చూడండి. రోజూ ఎంత కొన్నారో, ఎంత కాల్చారో, ఎంత మిగిలిందో పుస్తకంలో రాయండి. బండి ఎంత పెద్దది కావాలో, అసలు కావాలో అక్కరలేదో ఆ పుస్తకమే చెబుతుంది. కావాలని తేలితే, అప్పుడు సున్నం తీసుకుని కళ్ళంలోకి వెళ్ళండి.