పిల్లలకు ఆకారాలు నేర్పబోయి మేము నేర్చుకున్నది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన రంజాన్‌లో మీరిచ్చిన విరాళాలతో మన సాయంత్రపు బడికి ఆరు ట్యాబ్‌లు కొన్నాం. వాటి ఖర్చు లెక్క ఈ సంచికలోనే వేరే పేజీలో ఉంది. వాటితో పిల్లలు ఏం నేర్చుకున్నారన్న లెక్క ఇప్పుడు చెబుతాం. అందులో మా పొరపాటు కూడా ఉంది. మీ సొమ్ము మా దగ్గర అమానత్ కాబట్టి దాన్ని దాచడం సరికాదు.

మూడు, నాలుగు తరగతుల పిల్లలకు ఆకారాలు నేర్పడంతో మొదలుపెట్టాం. మొదట ఒక ఆటల యాప్ తీసుకున్నాం. తెరమీద ఒక బొమ్మ వస్తుంది, కింద నాలుగు పేర్లుంటాయి, సరైన పేరు నొక్కితే నక్షత్రం వస్తుంది. పిల్లలు ఉత్సాహంగా ఆడారు. రెండు నెలల్లో అందరికీ బోలెడన్ని నక్షత్రాలు వచ్చాయి. మేము మురిసిపోయి ఫొటోలు తీసి మీకు పంపించాం కూడా.

ఒకరోజు మా టీచరమ్మ క్యారమ్ బోర్డును గోడకు ఆనించి, ఇదేం ఆకారమని అడిగారు. అందరూ "చతురస్రం" అన్నారు. అదే బోర్డును ఒక మూల మీద నిలబెట్టి మళ్లీ అడిగారు. "పతంగి" అన్నారు. మరి చతురస్రం ఏమైందంటే ఎవరూ మాట్లాడలేదు. ఒక పాప మాత్రం, "మీరు తిప్పేశారు కదా టీచర్, పోయింది" అంది.

అప్పుడు యాప్‌ను మళ్లీ చూశాం. అందులో ప్రతి చతురస్రమూ అడుగు భుజం మీదే కూర్చుని ఉంది. ప్రతి త్రిభుజానికీ కొస పైకే ఉంది. పిల్లలు బొమ్మను గుర్తుపెట్టుకున్నారు గానీ భుజాలు, మూలలు లెక్కపెట్టలేదు.

ఇది మన పిల్లలకే ఉన్న లోపం కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లోనే దీన్ని వివరించారు. పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు. దాని లక్షణాలు చూడడం తర్వాతి మెట్టు. వయసు పెరిగినంత మాత్రాన ఆ మెట్టు ఎక్కలేరు, తగిన బోధన ఉండాలి.

అందుకని ఆ యాప్ తీసేసి జియోజీబ్రా పెట్టుకున్నాం. దీన్ని 2001లో ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టారు. మనలాంటి బడులకు ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇందులో నక్షత్రాలు రావు. పిల్లలే బొమ్మ గీసి, దాని మూలను వేలితో పట్టి లాగుతారు.

త్రిభుజం మూలను లాగితే అది సన్నబడుతుంది, పక్కకు ఒరుగుతుంది, తలకిందులవుతుంది. అయినా మూడు భుజాలూ అలాగే ఉంటాయి. మూడు మూలలూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు మాత్రం త్రిభుజం మాయమవుతుంది. ఎందుకు మాయమైందని ఆ రోజు పిల్లలు అరగంట వాదించుకున్నారు. చతురస్రం పాఠం ఇంకా బాగా సాగింది. కంటి అంచనాతో నాలుగు చుక్కలు పెట్టి గీసిన చతురస్రం, మూల లాగగానే చెడిపోతుంది. నాలుగు భుజాలూ, నాలుగు కోణాలూ సమానంగా ఉండాలని నియమం పెట్టి గీసినది పెద్దదవుతుంది, చిన్నదవుతుంది, తిరుగుతుంది, కానీ చతురస్రంగానే ఉంటుంది.

తెరతోనే వదిలిపెట్టలేదు. అగ్గిపుల్లలను సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి బొమ్మలు చేయించాం. ఇది అరవింద్ గుప్తా గారు దేశమంతటా ప్రచారం చేసిన పద్ధతి. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే పక్కకు వాలిపోతుంది. భుజాలు సమానమే, కానీ అది ఇక చతురస్రం కాదు. ఒక అబ్బాయి మర్నాడు వాళ్ల నాన్న మూలమట్టం తెచ్చి, మూల ఎంత తప్పిందో చూపించాడు. ఆయన మేస్త్రీ. మూడు పుల్లల త్రిభుజం మాత్రం ఎంత నొక్కినా కదలదు. రేకుల షెడ్డు కప్పు కింద, కరెంటు టవర్లలో త్రిభుజాలు ఎందుకుంటాయో పిల్లలకు మేము చెప్పాల్సిన పని లేకపోయింది.

మన పిల్లలకు భాష ఇంకో చిక్కు. ఇంట్లో ముసల్లస్, తెలుగు పుస్తకంలో త్రిభుజం, ఇంగ్లీషు పుస్తకంలో ట్రయాంగిల్. చతురస్రాన్ని ఉర్దూలో మురబ్బా అంటారనగానే, తినే మురబ్బా గుర్తొచ్చి తరగతంతా నవ్వింది. వేలికింద ఆకారం కదులుతుంటే మూడు పేర్లూ ఒక్కదానివేనని తెలిసిపోతుంది.

కిందటి నెలలో రెండు సమాన చతురస్రాలను ఒకదానిపై ఒకటి పెట్టి, పైదాన్ని 45 డిగ్రీలు తిప్పమన్నాం. ఎనిమిది కొసల నక్షత్రం వచ్చింది. "ఇది మన మసీదు జాలీలో ఉంది" అని ఒక పాప అరిచింది. చతురస్రం పోయిందన్న పాపే. ఇప్పుడు ఆ నక్షత్రంలో రెండు చతురస్రాలనూ వేలితో చూపిస్తోంది.

ఇప్పుడు మా విన్నపం. ఇంకా ట్యాబ్‌లు ఇస్తామని కొందరు పెద్దమనసుతో ముందుకొచ్చారు. వారికి కృతజ్ఞతలు. కానీ ఉన్న ఆరూ చాలు. ముగ్గురికి ఒకటి వస్తోంది. ముగ్గురూ వాదించుకుంటూ చేస్తే పాఠం బాగా వస్తోంది. మాకు కావలసింది రెండో టీచరు. క్యారమ్ బోర్డు తిప్పి ప్రశ్న అడిగింది ట్యాబ్ కాదు, టీచరమ్మ. ఆమె ఒక్కరే పద్దెనిమిది మందిని చూస్తున్నారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు చోటు లేక తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోతున్నారు. ఈసారి మీ విరాళం ఒక టీచరు జీతానికి కేటాయించండి. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాది ఆ పిల్లల లెక్క కూడా మీ ముందు పెడతాం.