తాటిచెట్టంత మనిషి



దెయ్యాల సినిమా గొడవ ఈవిడకెందుకు అనుకోకండి. 1979లో అమెరికాలో వచ్చిన ‘ఫాంటాజమ్’ చూస్తుంటే మన ఇళ్లలోని ఒక అలవాటు గుర్తొచ్చింది.

ఇంట్లో ఎవరైనా పోతే ముందు మనం చేసే పని పిల్లల్ని పక్కింటికి పంపేయడం. ‘నాయనమ్మ ఊరెళ్లింది’ అని చెప్పేయడం. నన్నూ అలాగే పంపించారు. ఏడాదిపాటు ఆవిడ గది తలుపు వెనక ఎవరో నిలబడ్డారనుకునేదాన్ని.

ఈ సినిమాలో మైక్ అనే 13 ఏళ్ల కుర్రాడికి అమ్మా నాన్నా లేరు. ఉన్న ఒక్క అన్నా తనను వదిలి వెళ్లిపోతాడేమోనని బెంగ. అన్న సైకిలు వెనకాల వాడు పరుగెత్తుతుంటే కడుపు తరుక్కుపోతుంది. పీడకలలొస్తాయని స్నేహితుడి అంత్యక్రియలకు అన్న వాణ్ణి రానివ్వడు. వాడు పొద చాటునుంచి దుర్భిణిలో చూస్తాడు. అందరూ వెళ్లాక తాటిచెట్టంత మనిషొకడు శవపేటికను ఒక్కడే ఎత్తి బండిలో పెట్టేస్తాడు!

అక్కణ్ణించి కథకు పట్టపగ్గాలుండవు. శవాలు మరుగుజ్జులవుతాయి. తెగిన వేలు పురుగవుతుంది. మెరిసే లోహపు బంతి ఎగిరొచ్చి నుదురు తొలిచేస్తుంది. ఓ గదిలోంచి ఇంకో గ్రహానికి దారి! దెయ్యాల కథా, గ్రహాంతర కథా, పీడకలా అంటే మూడూను. అర్థంపర్థం లేదని విసుక్కునేవాళ్లున్నారు. పెద్దలు దాచినదాన్ని పిల్లవాడు తనంతట తాను ఊహించుకుంటే ఇంకెలా ఉంటుంది?

దర్శకుడు డాన్ కోస్కరెల్లికి షూటింగు నాటికి పాతికేళ్లు లేవు. ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లరే. శుక్రవారం కెమెరా అద్దెకు తెచ్చి సోమవారం ఇచ్చేస్తే ఒక్కరోజు అద్దెతో సరిపోయేదట. మన ఇల్లాళ్ల లెక్కే కదూ! నుదుటికి పెట్టిన బంతిని వెనక్కి లాగి, ఆ ఫిల్మును తిరగేసి నడిపారు. దుస్తులూ, మేకప్పూ వాళ్లమ్మ కేట్ చూసుకుంది, తెరమీద మాత్రం మారుపేర్లతో. తరవాత ఆవిడ నవలలు రాసి సొంతపేరు అచ్చులో చూసుకుంది. నాకు భలే సంతోషమేసింది.

చూడబోయేవారు ఇక్కడ చెవులు మూసుకోండి. చివర్లో మైక్ మేలుకుంటాడు. అంతా కలేనట. నిజానికి పోయింది వాడి అన్నే, కారు ప్రమాదంలో. ఐస్‌క్రీం అమ్ముకునే రెగ్గీ వాణ్ణి చలిమంట దగ్గర కూర్చోబెట్టుకుని ఆ మాట దాచకుండా చెబుతాడు. మైక్ తన గదిలోకి వెళ్లి బీరువా తలుపు మూస్తాడు. తలుపు అద్దంలో ఆ తాటిచెట్టంత మనిషి నిలబడి ఉంటాడు.