కరెంటు స్తంభం మీద గాజు తీగ
(మహిళా సంఘాల సభలో చేసిన ప్రసంగం)



ఇవాళ మీకు ఒక ఊరి సంగతి చెబుతాను. ఆ ఊరు మన దేశంలో లేదు. అమెరికాలో ఉంది. దాని పేరు చాటనూగా. నోరు తిరగలేదా? నాకూ మొదట తిరగలేదు. చా-ట-నూ-గా. టెన్నెసీ అనే రాష్ట్రంలో ఉంది. టెన్నెసీ అనే నది ఒడ్డునే ఉంది.

అమెరికా ఊరితో మనకేం పని అంటారేమో. ఆ ఊరివాళ్లు చేసిన పని కరెంటు స్తంభం దగ్గర మొదలైంది. కరెంటు స్తంభం మనకూ తెలుసు కదా! అందుకే చెబుతున్నాను.

ఆ ఊళ్లో ఒకప్పుడు ఇనుము ఫ్యాక్టరీలు ఎక్కువ. పొగ కూడా ఎక్కువే. అమెరికా మొత్తంలో గాలి బాగా చెడిపోయిన ఊరు ఇదేనని 1969లో అక్కడి ప్రభుత్వమే చెప్పింది. తరువాత గాలిని బాగు చేసుకున్నారు. కానీ చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పనులు పోయాయి. జనం వలస పోయారు. వలస అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కరలేదు.

ఆ ఊరికి ఒక మంచి అలవాటు ఉంది. అది పాత అలవాటు. పూర్వం అక్కడ ఒక ప్రైవేటు కంపెనీ కరెంటు అమ్మేది. 1935లో ఊరివాళ్లు ఓట్లు వేశారు. కరెంటు ఊరిదే కావాలన్నారు. ఊరి పేరున ఒక కరెంటు బోర్డు పెట్టుకున్నారు. 1939లో ఆ కంపెనీ దగ్గర నుంచి తీగలు, స్తంభాలు బోర్డు చేతికి వచ్చాయి. ఆ బోర్డును ఈపీబీ అంటారు. అది ఈనాటికీ ఊరిదే. దాని లాభం పంచుకోవటానికి షావుకారు ఎవరూ లేడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

గాలివాన వచ్చిందనుకోండి. చెట్టు కొమ్మ విరిగి తీగ మీద పడింది. ఊరంతా చీకటి. అప్పుడు మనం ఏం చేస్తాం? లైన్‌మన్‌కు ఫోను చేస్తాం. ఆయన ఎత్తడు. ఎత్తితే పక్క ఊళ్లో ఉన్నానంటాడు. ఆయన్ని అని లాభం లేదు. తీగ ఎక్కడ తెగిందో ఆయనకు మాత్రం ఏం తెలుసు? స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి.

చాటనూగా బోర్డుకు కూడా ఇదే బాధ. చెట్లు ఎక్కువ, కొండలు ఎక్కువ. అందుకని వాళ్లు ఒక ఆలోచన చేశారు. స్తంభాల మీద తెలివైన స్విచ్‌లు పెట్టాలి. తీగ ఎక్కడ తెగిందో ఆ స్విచ్‌లే కనిపెట్టాలి. తెగిన ముక్క వరకు కరెంటు ఆపాలి. మిగతా ఇళ్లకు వేరే దారిన పంపాలి. ఇట్లాంటి స్విచ్‌లు సుమారు 1,200 పెట్టారు. కానీ స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి కదా. దానికి దారి కావాలి. ఆ దారే గాజు తీగ.

గాజు తీగ అంటే నిజంగా గాజే. మన తల వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దానిలో కరెంటు పోదు. వెలుగు పోతుంది. ఈ చివర వెలుగు మిణుకు మిణుకుమంటే ఆ చివర వెంటనే తెలుస్తుంది. ఆ మిణుకుల్లోనే మాట పోతుంది, బొమ్మ పోతుంది, సినిమా పోతుంది. దీన్నే ఫైబర్ అంటారు.

స్విచ్‌ల మాటలకు ఈ దారిలో చిన్న మూల చాలు. మిగతా దారి ఖాళీ. మరి ఆ దారిలోనే ఊళ్లో ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ ఇస్తే? బోర్డు ఈ మాట అనగానే గొడవ మొదలైంది. కేబుల్ కంపెనీలు 2007లో, 2008లో కోర్టుకు పోయాయి. కరెంటు బిల్లు కట్టేవాళ్ల డబ్బు ఇంటర్నెట్ వ్యాపారంలో పెడతారా అన్నాయి. ఆ ప్రశ్న తప్పు ప్రశ్నేం కాదు. మన సంఘం డబ్బు ఎవరైనా వేరే పనికి వాడితే మనం అడగమా? అడుగుతాం. అందుకే బోర్డు రెండు లెక్కలు వేరు వేరుగా రాస్తుంది. తీగ వాడుకున్నందుకు ఇంటర్నెట్ విభాగం కరెంటు విభాగానికి డబ్బు కడుతుంది. కోర్టులో కంపెనీల మాట నిలవలేదు.

డబ్బు ఎక్కడిదంటారా? బాండ్లు అమ్మి సుమారు 22 కోట్ల డాలర్లు అప్పు తెచ్చారు. మనం బ్యాంకు లింకేజీ తెచ్చుకుంటాం చూడండి, అట్లాంటిదే. కాకపోతే చాలా పెద్దది. ఇంకా 2009లో ఢిల్లీ లాంటి వాళ్ల పెద్ద ప్రభుత్వం 11 కోట్ల 15 లక్షల డాలర్లు ఇచ్చింది. అది కరెంటు లైన్లను బాగు చేసుకోమని ఇచ్చిన డబ్బు. దానితో పని తొందరగా అయింది.

2010 సెప్టెంబరులో బోర్డు ఒక ప్రకటన చేసింది. మా కరెంటు ఉన్న ప్రతి ఇంటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఇస్తామంది. అంటే పెద్ద సినిమా అర నిమిషంలో దిగుతుంది. అంత వేగం ఊరంతటికీ ఇచ్చినవాళ్లు అప్పటికి అమెరికాలో లేరు. పేటకొక తీరు లేదు. కొండ మీద ఇంటికీ అదే, కూలివాడి ఇంటికీ అదే.

కానీ ధర వినండి. నెలకు 350 డాలర్లు! ఆనాటి లెక్కలో సుమారు 16 వేల రూపాయలు. కూలివాడు ఏం కడతాడు? తక్కువ వేగం తక్కువ ధరకు ఇచ్చారు, అది నిజమే. గిగాబిట్ ధర కూడా 2013లో 70 డాలర్లకు తగ్గించారు. అయినా బీదవాళ్లకు అదీ బరువే. తీగ గుమ్మం ముందు నుంచి పోతుంది. లోపలికి రాదు. నాకు ఈ భాగం చదివినప్పుడు మన కొళాయిలు గుర్తొచ్చాయి.

ఇంకొక చిక్కు ఉంది. ఖర్చుకన్నా తక్కువకు అమ్మకూడదని ఆ రాష్ట్రం చట్టం. అందుకని 2015లో బోర్డు ఖర్చుకు దగ్గరగా ఒక ధర పెట్టింది. బడిలో ఉచిత భోజనం తినే పిల్లలున్న ఇళ్లకు నెలకు సుమారు 27 డాలర్లు.

తరువాత 2020లో కరోనా వచ్చింది. బళ్లు మూతపడ్డాయి. పాఠం ఫోనులోకి వెళ్లింది. మన ఇళ్లలో ఏమైందో గుర్తుందా? ఇంటికి ఒకటే ఫోను. అది నాన్న జేబులో. ఆయన వచ్చాక అన్నకు. అన్న అయ్యాక చార్జింగు లేదు. ఆడపిల్ల పాఠం అక్కడే ఆగింది.

చాటనూగాలోనూ ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు ఉన్నారు. అప్పుడు బడులవాళ్లు, బోర్డు, ఊరి ప్రభుత్వం, దాతలు కూర్చుని మాట్లాడుకున్నారు. బీద ఇళ్ల పిల్లలకు 10 ఏళ్లపాటు ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తామన్నారు. సుమారు 28 వేల మంది పిల్లలకు అది వర్తిస్తుందని లెక్క వేశారు. ఇంత తొందరగా ఎట్లా చేయగలిగారు? తీగ అప్పటికే స్తంభం మీద ఉంది. ఆ తీగ ఊరిది. ఇంకెవరినీ బతిమాలే పని లేదు. కానీ 2010లో తీగ వేసి 2020లో పిల్లలకు ఇచ్చారు. నడుమ పదేళ్లు! అప్పటి పిల్లలు చదువు దాటిపోయారు. ఆ లోటు కూడా చెప్పకపోతే నేను కథ చెప్పినట్టే అవుతుంది, నిజం చెప్పినట్టు కాదు.

పొలిమేర సంగతి కూడా వినండి. బోర్డు కరెంటు ఇచ్చే హద్దు దాటి ఇంటర్నెట్ ఇవ్వకూడదని రాష్ట్రం చట్టం. హద్దుకు ఇవతల ఇంటికి గిగాబిట్. అవతల ఇంటికి మంచి ఇంటర్నెట్ కరువు. అవతలివాళ్లు మాకూ ఇవ్వండి అన్నారు. బోర్డు సరే అంది. 2015లో దేశ స్థాయి అధికారులూ ఒప్పుకున్నారు. 2016లో కోర్టు కాదంది. రాష్ట్రం చట్టమే నిలిచింది.

మన దగ్గరా ఇట్లాంటి పని జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదే ఫైబర్ లాగారు. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయల పథకం మొదలుపెట్టారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపులతోపాటే ఫైబర్ గొట్టాలు భూమిలో వేశారు. మీ ఊరి స్తంభం మీద నల్ల తీగ ఉందేమో ఇంటికి పోతూ చూడండి. ఉంటే అది పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి ఆగిందా, బడి దాకా వచ్చిందా, మీ వాడ దాకా వచ్చిందా, పంచాయతీలో అడగండి. చీటీ మీద రాసి అడగండి. రాయటం వచ్చింది కదా ఇప్పుడు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఆ వెనక వరుసలో అక్క ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి కూర్చుంది. అడుగక్కా.