అర్హుల జాబితా, అన్నం కంచం

ఒక మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో మాట్లాడమన్నారు. పిల్లల చదువు గురించి ఉపన్యసించి వాళ్ల తిండి సంగతి దాటేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. అందుకే ‘ఉచితాల’ గొడవలోకే దిగుతున్నాను.

గొడవ కొత్తదేం కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్‌లో పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగు ఇంటివాడే, థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు ఫలహారం పెట్టించారు. రోజుకు తలకు అణా మించకూడదని లెక్క. ప్రాథమిక విద్య నిధుల్ని తిండికి వాడటమేమిటని పైనుంచి అభ్యంతరం వచ్చి 1925లో అది ఆగిపోయింది. అణాకే అంత రాద్ధాంతం!

మళ్లీ బడిలో పొయ్యి వెలగడానికి మన దగ్గర చాలా కాలం పట్టింది. చాలా రాష్ట్రాల్లో హాజరు చూసి పిల్లాడికి నెలకు మూడు కిలోల తిండిగింజలు కొలిచి చేతులు దులుపుకునేవారు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం మొదలైంది.

ఆ భోజనంలో నాకు నచ్చేది ఒకటుంది. బంతిలో కూర్చున్న పిల్లాణ్ణి మీ నాన్న సంపాదనెంత అని ఎవరూ అడగరు.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి వచ్చింది. పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో 15 వేలు. డబ్బు తల్లి చేతికివ్వడం మంచిదే, దాన్ని సోమరిపోతుల పథకమన్నవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ జాబితాకెక్కడానికి ఎన్ని గండాలు! పల్లెలో నెల ఆదాయం 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదన్నారు. మాగాణి మూడెకరాల లోపుండాలన్నారు. కారు ఉండకూడదన్నారు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదన్నారు. ఈ చివరిదాని దగ్గరే చాలామంది ఇరుక్కున్నారు. ఎవరి మీటరుకో తన ఆధార్ తగిలించి ఉందని గ్రామ సచివాలయం గోడమీద అనర్హుల జాబితా చూశాకగానీ తల్లికి తెలిసేది కాదు. అక్కణ్ణుంచి కరెంటాఫీసు, మళ్లీ సచివాలయం. ఆ తిరుగుడుకు పోయిన కూలి ఏ పద్దులోనూ కనిపించదు.

షరతుల్లేకుండా అందరికీ ఇస్తే ఖజానా ఏం కావాలి అంటారు. సబబైన ప్రశ్నే. అయితే సర్కారు బడి భోజనానికి ఉన్నవాళ్ల పిల్లలు ఎటూ రారు. జల్లెడ పట్టకుండానే అక్కడ వడపోత జరిగిపోతుంది. ప్రైవేటు బడిలో అప్పు చేసి చదివించే పేదవాడి బిడ్డకు మాత్రం ఆ అన్నం అందదు. నా వాదనలో ఉన్న ఈ లోటును నేను దాచను. ఆ బిడ్డ కోసమైనా నగదు పథకం ఉండాల్సిందే, షరతులు తగ్గించుకుని. అమ్మ ఒడినే 2025లో తల్లికి వందనం పేరుతో, ఒక్క బిడ్డకే కాక ఇంట్లోని చదువుకునే పిల్లలందరికీ వర్తింపజేయడం ఆ దారిలో ఒక అడుగు.

ఇక వంట చేసేవాళ్ల మాట. 2009లో కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదిలో 10 నెలలకే. రాష్ట్రం తన వాటా కలిపి 3000 చేసింది. సరుకుల బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్లో వాళ్ల ఖాతా పెరుగుతుంది, పప్పు పలచబడుతుంది. పిల్లల హాజరు 75 శాతం ఉండాలని తల్లులకు షరతు పెట్టిన ప్రభుత్వం, ఏ తేదీకల్లా వంటవాళ్ల బాకీ తీరుస్తుందో తనకూ ఒక షరతు పెట్టుకుని, ఆ తేదీని ప్రతి బడి గోడమీదా రాయించాలని నా కోరిక.