శ్రావణం ఎప్పుడొస్తోందో చూశారా?

చీరల కొట్టువాళ్లు చాలామంది పోయిన నెల అమ్మకాలు చూసి వచ్చే నెల సరుకుకు ఆర్డరు పెడతారు. పెళ్లిళ్లు లేని ఆషాఢం అంకె చూసి శ్రావణానికి తెప్పిస్తే, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ముందే అరలు ఖాళీ అవుతాయి.

లెక్క తేలికే. మూడేళ్ల చిట్టా తీయండి. ఒక్కో ఏడాది మొత్తాన్ని 12తో భాగిస్తే ఆ ఏడు నెల సగటు. చివరి ఏడాది అది 10 లక్షలు, శ్రావణం అమ్మకం 15 లక్షలు అనుకుందాం. శ్రావణం అమ్మకాన్ని సగటుతో భాగిస్తే వచ్చే గుణకం ఒకటిన్నర. మూడేళ్ల గుణకాలకూ సగటు తీయండి. అదీ ఒకటిన్నరే వచ్చి, వ్యాపారం ఏటా 8 శాతం పెరుగుతోందంటే, వచ్చే ఏడు నెల సగటు 10 లక్షల 80 వేలు. దాన్ని ఒకటిన్నరతో హెచ్చిస్తే శ్రావణానికి 16 లక్షల 20 వేలు.

అసలు చిక్కు క్యాలెండరుతోనే. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది. 2023లో అధిక శ్రావణం అడ్డొచ్చి, నిజ శ్రావణం ఆగస్టు 17న గానీ రాలేదు. ముందటేడు ఆగస్టు అంకెను నమ్ముకున్నవారికి సగం నెల గిరాకీ సెప్టెంబరులోకి జారిపోయింది. కంప్యూటరుకు తెలిసింది జనవరి, ఫిబ్రవరే. పంచాంగం మనం చెప్పాల్సిందే. నన్నడిగితే చిట్టా తెలుగు నెలల్లోనే రాసుకోవడం మేలు. అధిక మాసం వచ్చిన ఏడు మాత్రం 13తో భాగించండి. చిట్టాలో 2020 కూడా ఉంటే లాక్‌డౌన్ నెలలను సగటులో కలపకండి, లెక్కంతా కిందికి లాగేస్తాయి.